పందిరి గుంజకు కాయలు కాస్తాయా?

2023 జనవరి 13న మాంచెస్టర్ యునైటెడ్ ఒక స్ట్రైకర్‌ను అరువు తెచ్చుకుంది. పేరు వౌట్ వెగ్‌హోర్స్ట్. నెదర్లాండ్స్ ఆటగాడు, వయసు ముప్పై, ఎత్తు 1.97 మీటర్లు. సొంత క్లబ్ ఇంగ్లండ్‌లోని బర్న్‌లీయే అయినా, అప్పటికి టర్కీలో బెషిక్తాష్‌కు లోన్ మీద ఆడుతున్నాడు. ఆ లోన్‌ను నడిమధ్యలో తెంపించి, బెషిక్తాష్‌కు పరిహారం కట్టి, సీజన్ చివరి వరకు మాత్రమేనని ఒప్పందం రాసుకుని తమ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌కు తీసుకొచ్చారు. అంతకు రెండు నెలల ముందే క్రిస్టియానో రొనాల్డో క్లబ్‌తో తెగతెంపులు చేసుకుని వెళ్లిపోయాడు. మరో స్ట్రైకర్ ఆంథొనీ మార్షియల్‌కు గాయాల నుంచి తేరుకోవడమే సరిపోతోంది. వేసవిలో 20 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చుపెట్టేశారు. పైగా యజమానులైన గ్లేజర్ కుటుంబం క్లబ్‌ను అమ్మే ఆలోచన ఉన్నట్టు నవంబరులోనే ప్రకటించింది. జనవరిలో పెద్ద మొత్తం పెట్టి ఎవరినీ కొనే దారి లేదు. అలాంటి ఇరకాటంలో వచ్చిన మనిషిని అభిమానులు ఏ తూకంతో తూచాలన్నదే ఇక్కడి ప్రశ్న.

మామూలుగా ఆ తూకం గోల్స్ లెక్కతో మొదలై అక్కడే ఆగిపోతుంది. టార్గెట్ మ్యాన్ విషయంలో, అంటే పొడుగు బంతులను అందుకుని పక్కవాళ్లకు అందించే స్ట్రైకర్ విషయంలో, అది అన్యాయమని నా నమ్మకం. అయితే ఒక స్ట్రైకర్ గురించి మాట్లాడుతూ గోల్స్ లెక్కపెట్టవద్దంటే వినేవాడికి అది తప్పించుకునే మాటగా తోస్తుంది. ఆ అనుమానంలో న్యాయం ఉంది. అందుకే నా వాదనను నేనొక్కడినే చెప్పుకుపోకుండా ఇద్దరి నోట పెడుతున్నాను. ఒకే జట్టును ప్రాణంగా చూసుకునే ఓ అక్క, ఓ తమ్ముడు. నా మొగ్గు అక్క వైపు. తమ్ముడి మాటల్లో మాత్రం నాకు జవాబు దొరకనివి కొన్ని ఉన్నాయి, వాటిని దాచలేదు. మొదటి విడత మాటలు అతను వచ్చిన వారంలోవి, జనవరి 14న మాంచెస్టర్ సిటీ మీద 2-1తో గెలిచాక, అతనింకా బంతి తాకకముందు. రెండో విడత జూన్‌లో, లెక్కలన్నీ ముగిశాక.

తమ్ముడు: అక్కా, రొనాల్డో ఖాళీ చేసిన చోట ఎవరు నిలబడ్డారో చూడు. ఏడాది కిందట ఇతన్ని బర్న్‌లీ ఎందుకు కొన్నదో గుర్తుందా? వాళ్ల క్రిస్ వుడ్‌ను న్యూకాజిల్ 2.5 కోట్ల పౌండ్లు పెట్టి ఎత్తుకుపోతే, ఆ లోటు పూడ్చడానికి 1.2 కోట్లకు ఇతన్ని తెచ్చుకున్నారు. 20 లీగ్ మ్యాచ్‌లు ఆడి కొట్టింది 2 గోల్స్. ఆ జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది. కిందికి పడిపోయిన జట్టుకే సరిపోని స్ట్రైకర్ మనకు సరిపోతాడా? మన అరువుల చరిత్ర కూడా చూడు. 2014లో మొనాకో నుంచి ఫాల్కావ్ వచ్చాడు, 29 మ్యాచ్‌ల్లో 4 గోల్స్. 2020లో ఇగాలో వచ్చాడు, 23 మ్యాచ్‌ల్లో 5, అందులో లీగ్‌లో ఒక్కటీ లేదు. అరువు సొమ్ము బరువు చేటని ఊరికే అనలేదు. చొక్కా బరువు అరువు తెచ్చుకున్నవాడికే ఎక్కువ తెలుస్తుంది. నాలుగు నెలల్లో తనను తాను నిరూపించుకోవాలి, ఆడినా ఉంచుకుంటారన్న హామీ లేదు. అలాంటి ఒప్పందంలో మనిషి నిలదొక్కుకోడు.

అక్క: బర్న్‌లీలో 2 గోల్స్ నిజమే. అయితే ఆ ఏడాది బర్న్‌లీ మొత్తం జట్టు 38 లీగ్ మ్యాచ్‌ల్లో కొట్టింది 34 గోల్సేరా. నీళ్లు రాని కాలువ కింద పంట ఎండితే విత్తనాన్ని తిట్టి లాభం లేదు. అంతకుముందు వోల్ఫ్స్‌బర్గ్‌లో మూడున్నరేళ్లు ఆడాడు. 144 మ్యాచ్‌ల్లో 70 గోల్స్. 2020-21లో ఒక్క బుండెస్‌లీగాలోనే 20 కొట్టి ఆ జట్టును చాంపియన్స్ లీగ్‌కు చేర్చాడు. ఈ సీజన్ టర్కీ లీగ్‌లో 16 మ్యాచ్‌లకు 8. ఇక బర్న్‌లీ రోజుల్లో ఒక మ్యాచ్ నీకూ నాకూ బాగా గుర్తుండాల్సింది, ఎందుకంటే అది మన మీదే ఆడింది. 2022 ఫిబ్రవరి 8, బర్న్‌లీ మైదానం టర్ఫ్ మూర్. 1-1 డ్రా. మన ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల మధ్య బంతి అందుకుని, తిరిగి, జే రొడ్రిగెజ్ పరుగెత్తే దారిలోకి తోశాడు వెగ్‌హోర్స్ట్. రొడ్రిగెజ్ గోల్ చేశాడు. స్కోరు పట్టికలో గోల్ కొట్టిన వరుసలో ఇతని పేరుండదు, అయినా ఆ గోల్ ఇతను లేకపోతే లేదు. ఇతన్ని ఎందుకు తెచ్చారో అర్థం కావాలంటే ఆ ఒక్క కదలిక చూస్తే చాలు.

నువ్వు రొనాల్డో ఖాళీ చేసిన చోటు అంటున్నావు. అక్కడే పొరపాటు జరుగుతోంది. రొనాల్డో బంతి కోసం ఎదురుచూసే మనిషి, కదలిక చివర ఉంటాడు. టార్గెట్ మ్యాన్ కదలిక మొదట్లో ఉంటాడు. మన గోల్‌కీపర్ డేవిడ్ డిహియా సంగతి తెలుసుగా. చేతులతో అద్భుతాలు చేస్తాడు, కాళ్లతో బంతిని చిన్న పాసులుగా ముందుకు నడపడం అతని బలం కాదు. ఎదుటి జట్టు మీద మీదకు వచ్చేసరికి పొడుగ్గా తన్నక తప్పదు. ఆ బంతి ఎక్కడ పడుతుంది? ఇన్నాళ్లూ అది ఎదుటి సెంటర్ బ్యాక్ తలకు తగిలి మళ్లీ మన మీదకే వచ్చేది. మన దాడి వరుసలో రాష్‌ఫోర్డ్, యాంటొనీ, ఫెర్నాండెజ్, వీళ్లలో గాలిలో డిఫెండర్‌తో తలపడి బంతి దించగలిగేవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు అక్కడ రెండు మీటర్ల మనిషి నిలబడతాడు. ప్రతిసారీ గెలవాల్సిన పని లేదు, డిఫెండర్‌ను తేలిగ్గా గెలవనివ్వకపోతే చాలు. బంతి సూటిగా వెళ్లకుండా కింద పడుతుంది, దాన్ని ఏరుకోవడానికి మిడ్‌ఫీల్డర్లు కాసెమిరో, ఫెర్నాండెజ్ చుట్టూ ఉంటారు. ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు ఇతనికి కట్టుబడిపోతే రాష్‌ఫోర్డ్ ఎడమవైపు ఒక్క డిఫెండర్‌తో తలపడితే సరిపోతుంది. ఆనప పందిరి వేసేటప్పుడు గుంజ పాతుతాం చూడు. ఆ గుంజకు కాయలు కాయవు. అది లేకపోతే తీగ నేల మీద పాకి, కాయలు మట్టిలో కుళ్లిపోతాయి.

తమ్ముడు: పోలిక బాగుందక్కా, కానీ తీగకు గుంజ అవసరం ఉన్నప్పుడు కదా పాతేది! సిటీతో ఆటతో కలిపి రాష్‌ఫోర్డ్ వరుసగా ఏడు మ్యాచ్‌ల్లో గోల్ చేశాడు. అవన్నీ ఇతను మైదానంలో దిగకముందువే. ఎలా చేశాడు? ఎదురుదాడిలో, బంతి దొరికిన మూడు నాలుగు సెకన్లలో ఎదుటి జట్టు వెనక ఉన్న ఖాళీలోకి దూసుకెళ్లి. అది వేగం మీద బతికే ఆట. అక్కడ నడిమధ్యలో నెమ్మదైన మనిషిని నిలబెడితే అందరూ అతని తల కోసం బంతి ఎత్తడం మొదలుపెడతారు. తేలిక దారి కనపడితే జట్టు ఆ దారే పడుతుంది. ఇప్పుడిప్పుడే కొత్త మేనేజర్ ఎరిక్ టెన్ హాగ్ చేతిలో బంతిని కింద ఉంచి ఆడటం నేర్చుకుంటున్నారు. ఆ నేర్చుకున్నది కాస్తా పోతుంది. ఖతర్ ప్రపంచకప్‌లో అర్జెంటీనా మీద ఇతను కొట్టిన రెండు గోల్స్ చూసి మురిసిపోతున్నారు జనం. 78వ నిమిషంలో వచ్చి, ఆట చివర్లో, మిగతా దారులన్నీ మూసుకుపోయాక చేసిన పని అది. ఆపదలో చేసే పని రోజువారీ పద్ధతి కాదు.

అక్క: ఖతర్ గురించి నువ్వన్నది పూర్తిగా సరైనది. ఆ మాట గుర్తుపెట్టుకో, మళ్లీ దాని దగ్గరకు వస్తాను. రాష్‌ఫోర్డ్ సంగతికి వస్తే, ఏడు మ్యాచ్‌ల జోరు ఒక తరహా ప్రత్యర్థుల మీద, ఒక తరహా ఆటలో సాగింది. ఎదుటి జట్టు తన పెనాల్టీ పెట్టె చుట్టూ పదిమందిని కూర్చోబెట్టినప్పుడు దూసుకెళ్లడానికి వెనక ఖాళీ ఉండదు. ఖాళీని మనమే పుట్టించాలి. అప్పుడు పనికొచ్చేవాడు డిఫెండర్లను తనవైపు లాగేవాడే. గోల్ కొట్టని స్ట్రైకర్‌తో పెద్ద జట్లు గెలవవనుకుంటావేమో, 2018 ప్రపంచకప్ గెలిచిన ఫ్రాన్స్‌ను చూడు. ఒలివియె జిరూ ఏడు మ్యాచ్‌లూ ఆడాడు. గోల్ లేదు సరికదా, గోల్ వైపు సూటిగా వెళ్లిన షాట్ ఒక్కటీ లేదు. అయినా కోచ్ డిడియె డెషాంప్స్ అతన్ని తీయలేదు. అతను వీపు అడ్డుపెట్టి నిలబెట్టిన చోటు చుట్టూనే ఎంబాపే, గ్రీజ్‌మాన్ చెరో నాలుగు గోల్స్ చేశారు. అదే జిరూ నాలుగేళ్ల తర్వాత ఖతర్‌లో ఫ్రాన్స్ తరఫున అత్యధిక గోల్స్ రికార్డు దాటాడు. గోల్ కొట్టడం చేతకాక కాదు, ఆ నెల అతనికి అప్పగించిన పని వేరు.

అంత దూరం పోనక్కర్లేదు, మన హైదరాబాద్ కోచ్ సంగతే తీసుకో. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఏం చేశారు? థాయిలాండ్‌తో మ్యాచ్‌లో సెంటర్ బ్యాక్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక ఆడే స్థితిలో లేని ఆ మనిషిని, కుట్లున్న తలతోనే, సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. చూనీ గోస్వామి, పి.కె. బెనర్జీ, మన సికింద్రాబాద్ బలరామ్, ఇంతమంది నేర్పరులు పక్కనుండగా మధ్యలో కావలసింది బలమైన శరీరమని రహీమ్ లెక్క వేశారు. నేర్పు నలుగురికి ఉన్నచోట ఐదోవాడికి కూడా నేర్పే ఉండాలని ఆయన అనుకోలేదు.

తమ్ముడు: జర్నైల్ పేరెత్తావు కాబట్టి చెప్పాల్సిందే అక్కా. జర్నైల్ సెమీఫైనల్లో గోల్ చేశాడు, దక్షిణ కొరియాతో ఫైనల్లోనూ చేశాడు. 2-1 గెలుపులో ఒకటి బెనర్జీది, ఒకటి అతనిది. నువ్వు చూపించిన గుంజకే కాయ కాసింది! రహీమ్ సాహెబ్ లెక్క గెలిచిందీ అందుకే. ఇక జిరూది ఏడు మ్యాచ్‌ల సంగతి. దేశం జట్టుకు స్ట్రైకర్‌ను కొనుక్కునే వీలుండదు, ఉన్నవాళ్లతో సర్దుకోవాలి. లీగ్ 38 మ్యాచ్‌లు. ఏడు మ్యాచ్‌ల్లో పక్కవాళ్లు ఆదుకుంటారు, 38లో ఆదుకోరు. రాష్‌ఫోర్డ్ అలసిపోయిన వారం ఎవరు కొడతారు? ఇంకో మాట. గోల్ చూడొద్దంటున్నావు, సరే. మరి ఏం చూడాలో ఇప్పుడే చెప్పు. మే నెల వచ్చాక గెలిస్తే గుంజ గొప్పతనం, ఓడితే తీగ తప్పు అంటే నేను ఒప్పుకోను.

అక్క: న్యాయమైన మాట. ఇప్పుడే చెప్తాను, రాసిపెట్టుకో. డిహియా పొడుగ్గా తన్నిన బంతి తర్వాత ఆట మన కాళ్ల దగ్గరకు వస్తోందా, వెనక్కి పోతోందా చూడు. రాష్‌ఫోర్డ్ గోల్స్ ఆగిపోయాయా, కొనసాగుతున్నాయా చూడు. నువ్వు భయపడుతున్నట్టు ఇతను అడ్డమైతే ఆగిపోవాలి. పెద్ద మ్యాచ్‌లో, ఒక కప్పు చేతికొచ్చే వేళ, ఇతను ముట్టుకున్న బంతి ఏదైనా పనికొచ్చిందా చూడు. ఇక చివరిది, ఇది అతని గురించి కాదు. అతన్ని ఎప్పుడెప్పుడు ఎన్ని నిమిషాలు వాడుతున్నారో చూడు. ఖతర్‌లో అతను పనికొచ్చింది చివరి పావుగంటకని నువ్వే అన్నావు. అలాంటివాణ్ని ప్రతి మ్యాచ్‌లో మొదటి విజిల్ నుంచి దింపితే మాత్రం అప్పుడు మనం లెక్క అడగాల్సింది అతన్ని కాదు, క్లబ్‌ను.

ఇక్కడ కాసేపు ఆగుతాను. తమ్ముడు అడిగిన ఆ ఒక్క ప్రశ్న ఈ సంవాదం మొత్తంలో అన్నిటికంటే విలువైనది. ఆటగాడి మీద అభిమానుల తీర్పుల్లో ఎక్కువ భాగం ఫలితం తెలిశాక అల్లుకున్నవే. గెలిచిన జట్టులో గోల్ కొట్టని స్ట్రైకర్ త్యాగమూర్తి అవుతాడు, ఓడిన జట్టులో అదే మనిషి దండగ అవుతాడు. అతని మెడా భుజాలూ చేసిన పనిలో తేడా ఉండకపోవచ్చు. ఏ పనికి తెచ్చారో, ఆ పని జరిగిందని దేన్నిబట్టి చెబుతామో ముందే అనుకోకపోతే ఆ పొరపాటు తప్పదు. అరువు ఆటగాడి విషయంలో ఇది ఇంకా ముఖ్యం. సొంతంగా కొన్నవాడికి రెండో సీజన్ ఉంటుంది, భాష తెలుస్తుంది, పక్కవాడి పరుగు ఏ క్షణాన మొదలవుతుందో అలవాటవుతుంది. అరువు మీద వచ్చినవాడికి వసంతం వరకే గడువు. 2007లో స్ట్రైకర్ హెన్రిక్ లార్సన్ హెల్సింగ్‌బోరి నుంచి పది వారాల అరువు మీద యునైటెడ్‌కు వచ్చి, 13 మ్యాచ్‌లు ఆడి, 3 గోల్స్ చేసి వెళ్లిపోయాడు. గోల్స్ లెక్కనే చూస్తే ఇగాలో కంటే తక్కువ. అయినా యునైటెడ్ అభిమానులు లార్సన్‌ను నేటికీ ప్రేమగా తలుచుకుంటారు. ఆ మూడింటిలో ఒకటి చాంపియన్స్ లీగ్‌లో లిల్ మీద గెలిపించిన హెడర్. అంతకంటే ముఖ్యంగా, అతన్ని అప్పటి స్ట్రైకర్ రూనీకి చేయూతగా తెచ్చారు. రూనీ స్థానంలోకి కాదు. అడిగింది చిన్న పని, చేశాడు. ఫాల్కావ్‌ను ఏం అడిగారు? ప్రపంచంలోనే మేటి స్ట్రైకర్‌గా ఉండమని. మోకాలి శస్త్రచికిత్స నుంచి అప్పుడే కోలుకుంటున్న మనిషిని! అడిగిన ప్రశ్నలోనే సగం తీర్పు ఉంటుంది.

ఇక జూన్ మాటలు.

తమ్ముడు: రాసిపెట్టుకున్నాను అక్కా, లెక్క చెప్తున్నాను. మొత్తం 31 మ్యాచ్‌లు, 2 గోల్స్. ఒకటి లీగ్ కప్ సెమీఫైనల్లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద, ఒకటి యూరోపా లీగ్‌లో రియల్ బెటిస్ మీద. ప్రీమియర్ లీగ్‌లో 17 మ్యాచ్‌లు, సున్నా. మార్చి 5న ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ చేతిలో 0-7. అది మర్చిపోవడం నావల్ల కాదు. లీగ్‌లో మూడో స్థానం, 75 పాయింట్లు, సంతోషమే. అయితే కొట్టిన గోల్స్ ఎన్ని? 58. సిటీ 94, ఆర్సెనల్ 88. మనకంటే కింద ఉన్న న్యూకాజిల్ 68, లివర్‌పూల్ 75, టాటెనమ్ 70, బ్రైటన్ 72. మొదటి అర్ధభాగం తప్పులకు అతనిది బాధ్యత కాదు, ఒప్పుకుంటాను. మరి జనవరి తర్వాత ఈ లోటు పూడ్చడానికేగా అతన్ని తెచ్చింది! ఇంకొకటి. పక్క ఊరి వాళ్లు, కాదు, మన ఊరి వాళ్లే, సిటీ ఏం చేశారు? ఎర్లింగ్ హాలండ్. నీ గుంజంత ఎత్తూ ఉన్నాడు, డిఫెండర్లనూ కట్టిపడేశాడు, ఒక్క లీగ్‌లోనే 36 గోల్స్ కొట్టాడు. గుంజకు కాయలు కాయవన్న నీ మాట ఆ ఒక్క మనిషితో పోయింది.

అక్క: హాలండ్ ముందు నా పోలిక నిలవదు. కాదనను. కానీ నువ్వు తూకంలో రెండోవైపు ఏం పెడుతున్నావో చూసుకో. జనవరిలో మనకున్న ఎంపిక హాలండా, వెగ్‌హోర్స్టా అన్నది కాదురా. వెగ్‌హోర్స్టా, ఎవరూ లేకపోవడమా అన్నది. ఆ జనవరిలో వచ్చినవాళ్లందరూ అరువే. బయర్న్ నుంచి సాబిట్జర్, క్రిస్టల్ ప్యాలెస్ నుంచి గోల్‌కీపర్ బట్లండ్. ఇక నేను చెప్పిన గుర్తులు చూద్దాం. రాష్‌ఫోర్డ్ ఆగిపోయాడా? ఫిబ్రవరిలో లీడ్స్ మీద రెండు మ్యాచ్‌ల్లోనూ కొట్టాడు, బార్సిలోనాలో కొట్టాడు, లెస్టర్ మీద రెండు కొట్టాడు. సీజన్ మొత్తం 30. అతని జీవితంలోనే ఎక్కువ. వెగ్‌హోర్స్ట్ వల్లే కొట్టాడని నేననను, అది నిరూపించలేను. అడ్డమయ్యాడన్న నీ భయం నిజం కాలేదని మాత్రం చెప్పగలను. ఫిబ్రవరి 16న బార్సిలోనా మైదానం కాంప్ నౌలో 2-2 ఆడాం చూడు, ఆ రాత్రి ఇతన్ని రాష్‌ఫోర్డ్ వెనక, మధ్యలో ఆడించాడు టెన్ హాగ్. బార్సిలోనా వెనక నుంచి దాడి అల్లడం మొదలుపెట్టే చోటే ఈ పొడుగు మనిషి అడ్డంగా తిరిగాడు. ప్రెస్ చేయడానికి, అంటే బంతి ఉన్నవాళ్ల మీద ఒత్తిడి పెట్టడానికి, స్ట్రైకర్‌ను వాడుకున్నారు. అదే రోజు కోల్‌కతాలో బలరామ్ గారు కన్నుమూశారు. జకార్తా జట్టు గురించి మనం మాట్లాడుకుని అప్పటికి నెల రోజులే అయింది.

పదిరోజుల తర్వాత వెంబ్లీ. లీగ్ కప్ ఫైనల్, న్యూకాజిల్ మీద 2-0. 2017 తర్వాత మనకు దక్కిన మొదటి కప్పు. మొదటిది కాసెమిరో హెడర్. రెండోది చూడు, మళ్లీ చూడు. బంతి తీసుకుని ముందుకు నడిపి రాష్‌ఫోర్డ్‌కు అందించింది వెగ్‌హోర్స్ట్. రాష్‌ఫోర్డ్ కొట్టిన షాట్ న్యూకాజిల్ డిఫెండర్ బోట్‌మన్‌కు తగిలి లోపలికి పోయింది. టర్ఫ్ మూర్‌లో రొడ్రిగెజ్‌కు చేసిన పనే, ఏడాది తర్వాత, మన కోసం చేశాడు. ఏప్రిల్‌లో ఎఫ్ఏ కప్ సెమీఫైనల్ షూటౌట్‌లో బ్రైటన్ మీద తన పెనాల్టీ కొట్టాడు. నేను ముందే చెప్పిన పెద్ద మ్యాచ్ గుర్తు ఇది. తర్వాత అల్లినది కాదు.

తమ్ముడు: వెంబ్లీ పాస్ నీ ఖాతాలో వేసుకో, నాకేం అభ్యంతరం లేదు. నేను ఆ చొక్కాలో చెమటను తక్కువ చేయడం లేదు. అతను పరుగెత్తినంతగా ఇంకొకరు పరుగెత్తలేదేమో కూడా. నా బాధ వేరు. ఎంత పరుగెత్తినా పెనాల్టీ పెట్టెలో బంతి అతని దగ్గరకు వచ్చిన ప్రతిసారీ స్టేడియం మొత్తం ఊపిరి బిగబట్టేది, కొడతాడన్న నమ్మకంతో కాదు, పోగొడతాడన్న దిగులుతో. ఆ దిగులు డిఫెండర్లకూ తెలిసిపోతుంది. గోల్ కొట్టలేడని తెలిసిన గుంజను ఎవరు పట్టించుకుంటారు? అతన్ని వదిలేసి రాష్‌ఫోర్డ్ మీద ఇద్దరు పడతారు. నీ సిద్ధాంతం నిలవాలన్నా అతను అప్పుడప్పుడు కొట్టాలి కదా!

ఈ అభ్యంతరానికి అక్క చేత తొందరపడి జవాబు చెప్పించను, ఎందుకంటే ఇది సరైన అభ్యంతరం. డిఫెండర్లను లాక్కునే శక్తి భయం నుంచి పుడుతుంది. ఆ భయానికి పెట్టుబడి గోల్సే. జిరూ 2018కి ముందు ఏళ్ల తరబడి కొట్టిన గోల్స్ మీద ఆ నెల రోజులూ బతికాడు. వెగ్‌హోర్స్ట్‌కు వోల్ఫ్స్‌బర్గ్ పెట్టుబడి ఉంది, కానీ ఇంగ్లండ్‌లో బర్న్‌లీ రోజులనుంచీ అది కరుగుతూ వచ్చింది. లీగ్‌లో పదో మ్యాచ్, పదిహేనో మ్యాచ్ గోల్ లేకుండా గడిచేసరికి మిగిలింది ఎత్తు ఒక్కటే. కాబట్టి టార్గెట్ మ్యాన్‌ను గోల్స్‌తో అసలు తూచకూడదన్న మాట నేను వెనక్కి తీసుకోవాలి. గోల్స్‌తో మాత్రమే తూచకూడదు. జనవరి నుంచి మార్చి దాకా కనపడిన మేలు, ఏప్రిల్ వచ్చేసరికి తగ్గిపోయిందంటే దానికి కారణం ఇదే కావచ్చు.

అయితే ఆ కరుగుదలకు బాధ్యత ఎవరిదన్న దగ్గర నా అభిప్రాయం మారలేదు. వోల్ఫ్స్‌బర్గ్‌లో అతను మొదటి విజిల్ నుంచే ఆడి 70 గోల్స్ చేశాడు కదా, ఇక్కడ మొదటి నుంచీ ఆడించడంలో తప్పేమిటని అడగవచ్చు. తేడా ఉంది. అక్కడ జట్టు అతని చుట్టూ కట్టుకున్నది, ఏళ్ల తరబడి ఒకే చోట ఆడాడు. ఇక్కడ సీజన్ సగంలో, అతని కోసం కట్టని జట్టులోకి వచ్చి, దిగినప్పటి నుంచీ వారానికి రెండేసి మ్యాచ్‌లు ఆడాడు. జనవరి 18న క్రిస్టల్ ప్యాలెస్‌తో మొదలుపెట్టి ఫిబ్రవరి చివరి వరకు దాదాపు విరామమన్నది లేదు. రహీమ్ జర్నైల్‌ను రెండు మ్యాచ్‌లకు వాడారు. నెదర్లాండ్స్ కోచ్ లూయీ ఫాన్ హాల్ ఖతర్‌లో అతన్ని చివరి వేళకు దాచుకున్నాడు. అవసరానికి తెచ్చుకున్న మనిషి చేత ఆస్తి పని చేయించింది యునైటెడ్. వేసవిలో 20 కోట్లకు పైగా పోసి కూడా సెంటర్ ఫార్వర్డ్‌ను కొనని లోటును జనవరిలో ఒక అరువు మనిషి భుజాల మీద పెట్టింది. టెన్ హాగ్‌ను కూడా పూర్తిగా తప్పుపట్టలేను. మార్షియల్ గాయపడిన రోజున బెంచీ వైపు చూస్తే మరొకరు లేరు. లెక్క మేనేజర్‌కంటే పైన ఉన్నవాళ్లది.

ఆ ఆగస్టులో యునైటెడ్ అటలాంటా నుంచి రాస్ముస్ హోయ్‌లండ్ అనే ఇరవై ఏళ్ల స్ట్రైకర్‌ను 6.4 కోట్ల పౌండ్లు పెట్టి కొన్నది. సొంత ఆటగాడు, పూర్తి ధర, ముందర ఏళ్ల గడువు. తర్వాతి సీజన్‌లో జట్టు లీగ్‌లో చేసిన గోల్స్ 57. అంటే ముందటి ఏడాదికంటే ఒకటి తక్కువ. స్థానం ఎనిమిది. గోల్స్ లోటు ఒక మనిషిది కాదని, పందిరి మొత్తానిదని ఆ అంకె చెబుతోంది. వెగ్‌హోర్స్ట్ ఆ ఏడాది మళ్లీ అరువు మీదే జర్మనీలోని హోఫన్‌హైమ్‌కు వెళ్లాడు. సీజన్ ముగిశాక, 2024 జూన్ 16న, హాంబర్గ్‌లో యూరో కప్ మ్యాచ్. నెదర్లాండ్స్, పోలండ్ 1-1తో నిలిచి ఉన్నాయి. 81వ నిమిషంలో అతన్ని లోపలికి పంపారు. 83వ నిమిషంలో పెనాల్టీ పెట్టెలోకి వచ్చిన బంతిని ఎడమకాలితో ఒక్క దెబ్బలో లోపలికి కొట్టాడు.